ప్రసాద్ తల మీద ఒట్టు

చెరుకు నమిలినప్పుడు ఒక్కోసారి పీచు పళ్ళ సందున ఇరుక్కుంటుంది. ఎంత చిన్నదైనా సరే, నాలుక రోజంతా అక్కడికే పోతుంది. నా లోపల అలాంటిది ఒకటి ఇరుక్కుని ఏళ్ళయింది. అన్నం తింటున్నా, నలుగురిలో నవ్వుతున్నా, బుద్ధి అక్కడికే పోయి దాన్నే తడుముతుంది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. అదే నా ధైర్యం.

పేర్లు మార్చాను. ఊరి పేరు చెప్పను. బోధన్ చుట్టుపక్కల కాలువ కింద ఉన్న ఊళ్ళలో ఒకటి అనుకోండి. మిగతాదంతా జరిగింది జరిగినట్టే. ఈ మాట నా నోటి నుంచి వింటే మా వాళ్ళు కడుపు పట్టుకుని నవ్వుతారు. జరిగింది జరిగినట్టు చెప్పడం నా వంటికి పడని పని.

నేను చెరుకు తోలేవాణ్ణి. కొంచెం పొలం, సొంత ట్రాక్టరు. బోధన్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డాక మా చెరుకు దూరంగా ఇంకో ఫ్యాక్టరీకి పోతుంది. అక్కడ కాటా ముందు ట్రాక్టర్ల వరుస. పొద్దున పోయి నిలబడితే పొద్దు గూకే దాకా కదలని రోజులుంటాయి. ట్రాలీల్లో చెరుకు ఎండుతుంటుంది, కింద మనుషులు ఎండుతుంటారు. అలాంటి చోట నా నోటికి గిరాకీ. మా కాలువలో ఒక వాలుగ చేప నా ఎడమ చెప్పు ఎత్తుకుపోయిందనీ, మరుసటేడు కుడి చెప్పు కోసం మళ్ళీ వచ్చిందనీ చెబుతాను. మా చేను మీదుగా పారిన నీళ్ళతో కింది రైతు చాయ్ పెట్టుకుంటే చక్కెర వేసుకోడని చెబుతాను. ఎవరూ నమ్మరు. నమ్మరని నాకు తెలుసు, నాకు తెలుసని వాళ్ళకూ తెలుసు. నేను ఏమన్నా చెల్లిపోయేది అందుకే.

మా ఊరి పక్కన ఒక క్యాంపు ఉంది. కాలువ నీళ్ళు పారిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న వాళ్ళ ఊరు. ప్రసాద్‌ది ఆ క్యాంపు. వచ్చింది వాడి తాత, వాడు పుట్టింది ఇక్కడే. ఇద్దరం బోధన్‌లో ఒకే బడి, ఒకే బెంచీ. పెద్దయ్యాక ఇద్దరివీ చెరుకు ట్రాక్టర్లే. నా కథలకు అందరికన్నా ముందు నవ్వేది వాడు. కథ అయిపోయాక, "తర్వాతేమైంది రా?" అని అడిగేది కూడా వాడే. ఇంకెవరూ అడగరు. అయిపోయిన కథకు తర్వాత ఏముంటుంది? వాడికి మాత్రం ఏదో ఉంటుందని నమ్మకం.

నాకు నలభై ఆరో, నలభై ఏడో ఉన్నప్పుడు ఒంట్లో ఏదో మారింది. మొదట అలసట. పడుకుని లేస్తే బస్తాలు మోసి వచ్చినట్టు ఉండేది. ట్రాక్టరు మెట్టు ఎవరో ఎత్తు పెంచినట్టు ఉండేది. ఊరికే కోపం వచ్చేది, కోపం పోయాక ఏడుపు వచ్చేంత దిగులు. నాలాంటి వాడికి దిగులేమిటి? ఇంకొకటి కూడా ఉంది. అది రాయబోతే కలం ఆగుతోంది. మా ఆవిడను సుజాత అందాం. ఆమె పక్కన పడుకుంటే నేను గోడవైపు తిరగడం మొదలుపెట్టాను. చేతకాకపోవడం తర్వాతి సంగతి, అసలు మనసే పుట్టేది కాదు. ఆకలి లేనివాడి ముందు విస్తరి వేసినట్టు ఉండేది. ఆమె ఏమీ అనలేదు. చాలా కాలం అనలేదు. ఒకసారి మాత్రం, "నా మీద కోపమా?" అని అడిగింది. నేను ఏదో కథ చెప్పాను. ఏం కథో గుర్తులేదు. ఆమె నవ్వలేదన్నది గుర్తుంది.

సంతలో గుడారం వేసుకుని మూలికలు అమ్మేవాడి దగ్గర పొడి తెచ్చి పాలలో కలుపుకుని తాగాను. కడుపు పాడైంది, వేరే ఏమీ కాలేదు. చివరికి నిజామాబాద్ పోయాను. కంఠేశ్వర్‌లో ఒక సందులో డాక్టరు ఉన్నాడు. బోర్డు మీద షుగరు, థైరాయిడ్, హార్మోన్లు అని రాసి ఉంది. షుగరు అన్న మాట చూసి ధైర్యం వచ్చింది. ఎవరైనా అడిగితే షుగరు అనవచ్చు.

డాక్టరు నాకన్నా చిన్నవాడు. అడిగిన ప్రశ్నలకు నేను వాడి ముఖం చూడకుండా, గోడ మీది క్యాలెండరు చూస్తూ జవాబిచ్చాను. రక్తపరీక్ష పొద్దున్నే, ఏమీ తినకముందే ఇవ్వాలన్నాడు. ఆ హార్మోను పొద్దున ఎక్కువగా ఉండి పొద్దెక్కిన కొద్దీ తగ్గుతుందట. దాంతో పసుపు యార్డులో పని ఉందని ఇంట్లో చెప్పి తెల్లవారుతూనే బస్సెక్కాను. మగవాళ్ళ హార్మోను తక్కువ అని తేలింది. షుగరు కూడా ఉందని తేలింది. షుగరు అబద్ధం ఆ విధంగా నిజమైంది. వెంటనే సూది ఇస్తాడనుకున్నాను. ఇవ్వలేదు. బరువు తగ్గు, నడువు, షుగరు గోలీలు వేసుకో, మళ్ళీ చూద్దాం అన్నాడు. మళ్ళీ చూస్తే మళ్ళీ తక్కువే. అప్పుడు సూదులు మొదలుపెడదాం అన్నాడు. "చాలామందికి ఉంటది అన్నా. చెప్పుకోరు, గంతే," అన్నాడు.

మొదలుపెట్టే ముందు ఇంకొన్ని ప్రశ్నలు అడిగాడు. ఆ ప్రశ్నలే ఈ రాతకంతా మూలం. తలనొప్పి వస్తుందా? గడ్డం పలచబడిందా? పక్కల నుంచి వచ్చే బండ్లు కనిపించడం తగ్గిందా? లేదన్నాను. ఎందుకు సార్ అని అడిగాను. మెదడు కింద చిన్న గ్రంథి ఒకటి ఉంటుందట. ఈ హార్మోనుకు హుకుం అక్కడి నుంచి వస్తుందట. కొందరికి ఆ గ్రంథిలో గడ్డ పెరుగుతుంది. పెరిగి పెరిగి పక్కనే ఉన్న చూపు నరాలను ఒత్తుతుంది. తొందరగా పట్టుకుంటే మందుందీ, ఆపరేషనుందీ. ఆలస్యం చేస్తే పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు. నాకు అది లేదని పరీక్షల్లోనూ తేలింది. బయటికి వచ్చి, సందు మొదట్లో బండి మీద మిర్చీ బజ్జీలు తిన్నాను, సంతోషానికి. డాక్టరు వద్దన్నవి అవే.

నేను దవాఖాన నుంచి బయటికి రావడం భూమన్న చూసినట్టున్నాడు. భూమన్న కూడా చెరుకు తోలేవాడే. మర్నాడు వరుసలో అందరి ముందు అడిగాడు.

"ఏం రా, కంఠేశ్వర్‌ల గా హార్మోన్ల దవాఖానల నుంచి ఎల్లినవ్ నిన్న? నీకేమాయె?"

నలుగురూ నా వైపు తిరిగారు. షుగరు అంటే అయిపోయేది. ఎన్నిసార్లు అనుకున్నానో. ఒక్క మాట, అందులోనూ నిజమైన మాట. కానీ నా నోరు నాకన్నా ముందు పోయే రకం. ప్రసాద్ అప్పుడే చాయ్ తేవడానికి హోటల్ వైపు నడుస్తున్నాడు. వాడి నున్నటి చెంప నా కంటపడింది. ఆ మధ్య వాడి ముఖం మీద గడ్డం సరిగా రావడం లేదు. అందరమూ చూసిందే, ఎవరమూ అననిదే.

"నాకేమైతది రా? ప్రసాద్‌ను తోల్కపోయిన," అన్నాను.

ఇక ఆగలేదు. డాక్టరు తీసింది మనుషుల సూది కాదనీ, ఆబోతు మందు నింపిన పశువుల సూది అనీ, ప్రసాద్ బయటికి వస్తుంటే కంఠేశ్వర్ గుడి ముందున్న నంది మెడ తిప్పి చూసిందనీ చెప్పాను. వరుస మొత్తం ఊగిపోయింది. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన మరాఠీ డ్రైవర్లకు ఎవరో వాళ్ళ భాషలో చెబితే, ఆ నవ్వు కాస్త ఆలస్యంగా వెనక నుంచి వచ్చింది.

ఎవరూ నమ్మరనుకున్నాను. చేప చెప్పు ఎత్తుకుపోయిందని నమ్మారా? కానీ దీన్ని నమ్మారు. నంది మెడ తిప్పిందని కాదు, ప్రసాద్‌కు మగతనం తగ్గిందని. సాక్ష్యం వాడి చెంపల మీదే ఉంది కదా. పైగా క్యాంపువాడు. మావాడైతే నాలుగు రోజులు నవ్వి వదిలేసేవాళ్ళేమో. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ నిజం. వాడి ట్రాక్టరు వస్తే ఎద్దులా రంకె వేసేవాళ్ళు. చెరుకు కొనల ఆకు మా దగ్గర పశువుల మేత. ఒక కట్ట తెచ్చి వాడి ఇంజను మీద పెట్టి, "ఆబోతన్నా, మేత," అనేవాళ్ళు. వాడు నవ్వి ఆ కట్టను పక్కన పెట్టేవాడు. ఇంటికి తీసుకుపోయి బర్రెకు వేస్తాననేవాడు. నేను కూడా నవ్వాను. నవ్వకపోతే అనుమానం వస్తుంది కదా.

నా సూదులు నాకు పనిచేశాయి. ఒక్కరోజులో కాదు, మెల్లగా. లేచినప్పుడు బస్తాల బరువు తగ్గింది. సుజాతకు అసలు సంగతి చెప్పాను. ఆమె నా ముఖం చూసి, "ఇన్నొద్దులు నేను ముసల్దాన్నయిన్నేమో అనుకున్న," అంది. ఆ మాట నన్ను కోసింది, కానీ మా ఇల్లు మళ్ళీ ఇల్లయింది. నా పేరు బాగుంది, నా ఒళ్ళు బాగుంది. నా రోగం పేరు ఒక్కటే ఇంకొకడు మోస్తున్నాడు.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం, ఇద్దరం కాలువ పక్కన ట్రాక్టర్లు కడుగుతున్నాం. వేరే ఎవరూ లేరు.

"ఏరా, నాకు ఎద్దు సూది పొడిపించావంట?" అన్నాడు ప్రసాద్. నవ్వుతూనే అన్నాడు.

"మజాక్ రా. గాళ్ళు అడిగిండ్రు, నోటికి అచ్చింది."

"నీ నోరు పాడుగాను. క్యాంపులో ఆడోళ్ళు మా రమణమ్మను అడిగారంట, మీ ఆయనకెట్లా ఉందని. పొద్దంతా మాట్లాడలేదు నాతో."

నేను బకెట్ కాలువలో ముంచాను.

"అది పోనీ," అన్నాడు. "ఒకటడుగుతా, కథ చెప్పకుండా చెప్పు. ఆ దవాఖానకు పోయింది నువ్వే కదా?"

"ఎవలన్నరు?"

"ఎవళ్ళూ అనలేదు. నేనే అనుకున్నా. నువ్వు పోయుంటే నాకు ధైర్యం రా. నాకూ ఏదోలా ఉంది. గడ్డం చూడు, వారానికొకసారి గీసినా గీకడానికేం లేదు. పొద్దున లేస్తే తల పగిలిపోద్ది. ఇంట్లో సంగతి నీకు చెప్పక్కర్లేదు. మొన్న కాటా కాడ లారీ నా పక్కకొచ్చి హారను కొట్టిందాకా నాకు కనపళ్ళేదు. నువ్వు పోయుంటే చెప్పు. ఇద్దరం కలిసి పోదాం. ఎవడన్నా చూస్తే, ఇద్దరికీ షుగరు అందాం."

డాక్టరు అడిగినవన్నీ వాడే చెబుతున్నాడు. తలనొప్పి, గడ్డం, పక్క చూపు. వాడు చెబుతుంటే డాక్టరు గొంతు నాకు లోపల వినిపించింది. తెలియక చేశానని ఎప్పటికీ చెప్పుకోలేను. తెలుసు. ఆ కాలువ గట్టు మీద, ఆ నిమిషంలో, ప్రసాద్ తలలో ఏముందో బహుశా ఈ జిల్లాలో నాకొక్కడికే అనుమానం ఉంది.

"నేనెందుకు పోత రా?" అన్నాను. "మా బామ్మర్దికి షుగరు. వాన్ని తోల్కపోయిన."

"ఒట్టు?"

"ఒట్టు."

"అట్లా కాదు. నా తల మీద చెయ్యి పెట్టి వెయ్యి," అని తల వంచాడు.

చెయ్యి పెట్టాను. తడి చెయ్యి. ఎండకు వాడి తల కాలుతోంది. జుట్టు మెత్తగా, చిన్నపిల్లల జుట్టులా ఉంది. "నీ తల మీద ఒట్టు. నాకేం రోగం లేదు," అన్నాను. "నీకు వయసు అచ్చింది, గంతే. బోధన్ పోయి కండ్లద్దాలు పెట్టుకో."

వాడు తల ఎత్తాడు. "అయితే వద్దులే," అన్నాడు. "నేనొక్కణ్ణే అక్కడికి పోయి ఎవడి కంట్లోనన్నా పడ్డానంటే నువ్వు చెప్పిందే నిజమైపోద్ది. క్యాంపులో తలెత్తుకోలేను." ఒక బకెట్ నీళ్ళు టైరు మీద కొట్టాడు. తర్వాత, నన్నే ఊరడిస్తున్నట్టు, "సరే గానీ, తర్వాతేమైంది రా? సూది పొడిచాక నేనేం చేశాను?" అన్నాడు.

చెప్పాను. అదే నన్ను ఎక్కువగా వెంటాడేది. ఒట్టు వేసిన చేత్తోనే చూపిస్తూ, నంది గుడి దిగి వాడి వెనకాల బస్టాండు దాకా వచ్చిందని చెప్పాను. వాడు కాలువ గట్టు మీద కూర్చుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

ఎందుకు చెప్పలేకపోయాను? నన్ను నేనే ఎన్నోసార్లు అడిగాను. సిగ్గు అని చెప్పుకోవచ్చు. కానీ వాడి ముందు నాకు సిగ్గేమిటి? బడిలో ఒకే చొక్కా మార్చి మార్చి వేసుకున్న వాళ్ళం. వాడు నవ్వడు, ఎవరికీ చెప్పడు. అది కూడా తెలుసు. మరి భయమా? వాడికి నిజం చెబితే, నా రోగాన్ని వాడి నెత్తిన పెట్టింది కావాలనే అని తేలిపోతుంది. నోరు జారింది అనుకుంటున్న వాడికి, దాక్కోవడానికి వాడిని అడ్డం పెట్టుకున్నానని తెలిసిపోతుంది. రోగం బయటపడుతుందని కాదు, నా అల్పత్వం బయటపడుతుందని ఒట్టు వేశాను. ఇంత తిప్పి తిప్పి రాస్తే ఇదీ తేలింది.

వాడు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. కొన్నాళ్ళకు మార్చుకున్నాడు. మళ్ళీ మార్చుకున్నాడు. నేను చూస్తూ ఉన్నాను. ఒకసారి వరుసలో, మెండోర వైపు ఒక పటేలు ఉన్నాడని కథ మొదలుపెట్టాను. పటేలుకు గడ్డం రాదు, తల నొస్తుంది, పక్కన నిలబడ్డ ఏనుగు కూడా కనపడదు. డాక్టరు తలలోకి తొంగి చూస్తే అక్కడ ఉసిరికాయంత గడ్డ. అందరూ నవ్వారు, ప్రసాద్ అందరికన్నా ముందు. నేను మాత్రం చెప్పాను కదా అనుకున్నాను. ఆ రోజు హాయిగా నిద్రపోయాను. నాలుగైదు రోజులు కూడా హాయిగానే ఉన్నాను. మనిషి తనను తాను ఎంత చవకగా ఒప్పించుకుంటాడో చూడండి.

తర్వాతి చెరుకు కోతల్లో, పొలం బాట నుంచి రోడ్డెక్కే చోట, కల్వర్టు ఎడమ అంచు వాడికి కనపడలేదు. ట్రాక్టరు పక్కకు ఒరిగింది. మడ్‌గార్డు మీద రమణమ్మ కూర్చుని ఉంది. ఆమె భుజం దగ్గర చెయ్యి విరిగింది. ఇప్పటికీ ఆ చెయ్యి పైకి లేవదు, జడ వేసుకోలేదు. ప్రసాద్‌కు దెబ్బ తగల్లేదు. అంత పెద్ద కల్వర్టు ఎట్లా కనపడలేదని బోధన్‌లో డాక్టరు అడిగి, కళ్ళు పరీక్షించి, వెంటనే హైదరాబాద్ పంపాడు. కారు నడిపింది నేనే. దారి పొడవునా రోడ్డు మీదే కళ్ళు పెట్టుకున్నాను. ప్రసాదే, "ఏరా, కథ లేదా ఇవాళ?" అన్నాడు.

హైదరాబాద్‌లో తలకు స్కానింగు తీశారు. డాక్టరు చెప్పబోయేది నాకు ముందే తెలుసు. గ్రంథి, గడ్డ, చూపు నరాలు. "ఇన్నాళ్ళు ఏం చేశారండీ?" అని అడిగాడు. "కళ్ళద్దాలు మార్చుకుంటా కూర్చున్నానండి," అన్నాడు ప్రసాద్. ఆపరేషను చేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. కానీ కుడి కన్ను పోయింది. ఎడమ కంటికి ఎదురుగా ఉన్నది మాత్రం, గొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తుంది. వార్డు బయట రమణమ్మ, చెయ్యి కట్టులో వేలాడుతుండగా, నాతో అంది, "అన్నయ్యా, ఎవరన్నా ముందే చెప్పుంటే బాగుండేది కదా." ఆమె నన్ను అనలేదు. దేవుణ్ణి అంది. కానీ దేవుడి చోట నేను నిలబడి ఉన్నాను.

తల మీద ఒట్టు వేసి తప్పితే ఆ తలకే చెడు జరుగుతుందని మా అవ్వ అనేది. నేను చదువుకున్నంతలో, అది మూఢనమ్మకం. గడ్డ ఒట్టుకు ముందే ఉంది, ఒట్టు వల్ల పుట్టలేదు. నాకు తెలుసు. కానీ ఆ ఒట్టు నమ్మి వాడు ఆగిపోయాడు. ఆగిన అన్నాళ్ళూ అది పెరిగింది. మరి అవ్వ చెప్పింది తప్పెట్లా అవుతుంది? నా అరచేతికి ఒక వింత జబ్బు పట్టుకుంది. పెళ్ళిళ్ళలో అక్షింతలు దూరం నుంచే వేస్తాను. కాళ్ళకు మొక్కిన పిల్లల తల మీద చెయ్యి పెట్టలేను. పెట్టబోతే అరచేయి వెచ్చబడుతుంది, తడి జుట్టు తగులుతుంది. పండుగ రోజు మేనకోడలు వంగి మొక్కి, నేను చెయ్యి పెట్టేదాకా లేవనని అలాగే ఉండిపోయింది. సుజాత వచ్చి పెట్టింది.

ఇప్పుడు ప్రసాద్ ట్రాక్టరు అమ్మేశాడు. పొలం కౌలుకిచ్చాడు. ఆపరేషను తర్వాత వాడి గ్రంథి పనిచేయదు కాబట్టి గోలీలు వేసుకోవాలి. గోలీలతో పాటు సూది కూడా. నాకు ఇచ్చే సూదే. నిజామాబాద్‌లో ఎవరు మంచి డాక్టరని వాళ్ళు నన్ను అడిగారు. కంఠేశ్వర్ పేరు నేనే చెప్పాను. బైకు మీద వాణ్ణి తీసుకుపోయేదీ నేనే. వాడు నా భుజం పట్టుకుని వెనక కూర్చుంటాడు. నా కథ నిజమైంది. ఎవరూ రంకె వేయరు ఇప్పుడు, ఎవరూ మేత పెట్టరు. భూమన్న ఎదురైతే చెప్పులు విడిచి నమస్కారం పెడతాడు. వాడు చేసింది నవ్వడమే, అయినా వాడికి పశ్చాత్తాపం ఉంది. నాకు మాత్రం ఊళ్ళో మంచిపేరు వచ్చింది. స్నేహితుడంటే వాడురా, అంటున్నారు.

నా సూది రోజు వేరేగా పెట్టుకున్నాను. ఇన్నాళ్ళు దొరకలేదు. మొన్న, వాడికి సూది వేసిన నర్సమ్మ చెయ్యి కడుక్కుంటూ, "అన్నా, మీది వచ్చే వారం గదా," అంది. ప్రసాద్ పక్క స్టూలు మీదే ఉన్నాడు. మిగిలిన ఆ కాస్త చూపును నా ముఖం మీదికి తెచ్చుకోవడానికి తల మెల్లగా తిప్పాడు.

"నీకూనా? ఏంట్రా?" అన్నాడు.

"షుగరు పరీక్ష," అన్నాను.

వాడు తల ఆడించాడు. ఇంకేమీ అడగలేదు. దారిలో భుజం మీద వాడి చెయ్యి ఎప్పటిలాగే ఉంది. గట్టిగా పట్టుకున్నాడా, వదులుగా పట్టుకున్నాడా అని బోధన్ దాకా అదే ఆలోచించాను. క్యాంపులో దిగి, రమణమ్మ చెయ్యి అందుకుని, వెనక్కి చూడకుండా లోపలికి పోయాడు. వెనక్కి చూసినా కనపడేది కాదు. తెలిసిందా? తెలియలేదా? తెలిస్తే మళ్ళీ సూది రోజున నా బండి ఎక్కుతాడా? ఎక్కుతాడు. వాడు అలాంటివాడు. అదే నాకు భయం.

కాబట్టి క్షమించమని అడగను. అడిగితే ఇచ్చేస్తాడు. అడిగిందే తడవుగా, బహుశా నవ్వుతూ ఇచ్చేస్తాడు. అప్పుడు అది కూడా నేను వాడి దగ్గర నుంచి తీసుకున్నదే అవుతుంది. వాడి పేరు తీసుకున్నాను, చూపు తీసుకున్నాను, రమణమ్మ చెయ్యి తీసుకున్నాను. ఇక చాలు.

ఎదురుగా చెప్పే ధైర్యం వచ్చిందా అంటే, రాలేదు. వస్తుందని కూడా మాట ఇవ్వను. నా మాటల విలువ మీకు ఇప్పుడు తెలుసు. కానీ వాడు ఆ రోజు కాలువ గట్టు మీద అడిగిన ప్రశ్నకు జవాబు ఇంతవరకు ఈ లోకంలో ఎక్కడా లేదు. ఒక కాగితం మీదనైనా ఉండాలి కదా.

సుజాత తల్లిగారింటికి పోయింది. ఇంట్లో ఎవరూ లేరు. తలుపు వేసి, రాసినదాన్ని నిలబడి పైకి చదివాను. అవును ప్రసాదూ, ఆ దవాఖానకు పోయింది నేనే. నీకేం జరుగుతోందో నాకు అనుమానం ఉండి కూడా, నీ తల మీద చెయ్యి పెట్టి అబద్ధం చెప్పాను.

చివరిదాకా చదివాను. ఎవరూ నవ్వలేదు.